మా ఫ్రిజ్‌లో దొరికిన చిన్న సీసా: జిమ్ కోచ్‌లకు, యజమానులకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోనూ, మన రెండు రాష్ట్రాల్లోని మిగతా ఊళ్లలోనూ జిమ్‌లు నడుపుతున్నవాళ్లకు, వాటిలో కోచ్‌లుగా పనిచేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం. గాయాలు తొందరగా మానతాయని చెప్పి జిమ్‌లలో అమ్ముతున్న పెప్టైడ్ ఇంజెక్షన్ల గురించి ఈ ఉత్తరం.

ముందు నా గురించి నాలుగు మాటలు. ఇంజెక్షన్ మందులు తయారుచేసే ఒక కంపెనీలో, మైక్రోబయాలజీ ల్యాబ్‌లో 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. సీసాలో నింపి మూత బిగించిన మందు ఆస్పత్రికి వెళ్లేలోపు అందులో బ్యాక్టీరియా, ఫంగస్ లాంటివి ఏమైనా ఉన్నాయా అని పరీక్షించడం మా పని. నలభై దాటాక నడుంనొప్పి పట్టుకుంటే మా కాలనీలోని జిమ్‌లో చేరాను. మొదటిరోజు ఖాళీ రాడ్ ఎత్తడానికే చేతులు వణికాయి. అక్కడి కోచ్ ఓపిగ్గా పక్కన నిలబడి వీపు ఎలా ఉంచాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో నేర్పించాడు. ఇవాళ 50 కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తున్నాను. నడుంనొప్పి సంగతే మరిచిపోయాను. మీ పని విలువ ఏంటో నా ఒంటికి తెలుసు. అందుకే ఈ ఉత్తరం డాక్టర్లకో, పత్రికలకో కాకుండా మీకు రాస్తున్నాను.

మా మేనల్లుడు భీమవరం నుంచి ఉద్యోగానికి వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. వాడికి 24 ఏళ్లు. వెళ్లేది నా జిమ్ కాదు, ఆఫీసు దగ్గర ఇంకోటి. ఆరునెలల కింద బెంచ్ ప్రెస్ చేస్తుంటే కుడి భుజం పట్టేసింది. తర్వాత చెయ్యి పైకెత్తితే చాలు, నొప్పి. ఒక ఆదివారం పొద్దున దోసెల పిండి తీద్దామని ఫ్రిజ్ తెరిచాను. పిండి గిన్నె వెనక చిన్న స్టీలు డబ్బా, దాంట్లో టిష్యూ పేపర్‌లో చుట్టిన రెండు గాజు సీసాలు. ఒక్కోటి చిటికెన వేలంత. ఒకదాంట్లో అడుగున తెల్లటి పొడి బిళ్లలా అంటుకుని ఉంది. ఇంకోదాంట్లో సగం దాకా నీళ్లలాంటి మందు. రబ్బరు బిరడా, దానిమీద అల్యూమినియం సీలు, నీలం ప్లాస్టిక్ మూత. డ్యూటీలో రోజూ పట్టుకునే వస్తువు మా పిండి గిన్నె పక్కన కనపడేసరికి గుండె జల్లుమంది.

అలవాటు కొద్దీ సీసా తిప్పి లేబుల్ చదివాను. మందు సీసా అంటే దానిమీద బ్యాచ్ నంబర్ ఉంటుంది, తయారైన తేదీ, గడువు తేదీ, కంపెనీ పేరు, అడ్రస్, లైసెన్స్ నంబర్, ధర ఉంటాయి. ఇక్కడ ఉన్నవి మూడే లైన్లు. బీపీసీ-157. 5 ఎంజీ. ఫర్ రీసెర్చ్ యూజ్ ఓన్లీ. అంటే పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు అని తయారుచేసినవాడే రాసి అంటించాడు.

"ఏంట్రా ఇది?" అంటే, "పెప్టైడ్ అత్తా. భుజం రికవరీకి. కోచ్ ఇచ్చాడు. మొదట రెండుసార్లు ఆయనే వేశాడు, ఇప్పుడు నేనే వేసుకుంటున్నా" అన్నాడు. నా మొహం చూసి మళ్లీ వాడే, "నువ్వూ కంపెనీలో చేసేది ఇలాంటివే కదా అత్తా, నీకెందుకు టెన్షన్?" అని అడిగాడు.

వాడికి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. కోపం ముందు వచ్చేసింది, మాట తర్వాత వచ్చింది. ఆపెయ్ అని అరిచాను, సరే అన్నాడు, ఆపలేదు. పన్నెండు రోజుల తర్వాత రాత్రి చలి జ్వరం. చొక్కా పైకెత్తి చూపిస్తే బొడ్డుకు ఎడమపక్క నిమ్మకాయంత గట్టి వాపు, చుట్టూ ఎర్రగా, ముట్టుకుంటే కాలిపోతోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే చీముగడ్డ అన్నారు. కోసి చీము తీసి, గాయంలో గాజుగుడ్డ కూరి, రోజూ డ్రెస్సింగ్ మార్చుకోమన్నారు. "ఏం ఎక్కించుకున్నావు బాబూ?" అని డ్యూటీ డాక్టర్ అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. ఆయన సీసా తెమ్మన్నారు. వాడు కోచ్‌కు ఫోన్ చేశాడు. ఆ కోచ్ చెప్పింది ఇది: సీసాలు పారేయ్, వాట్సాప్ చాట్ డిలీట్ చెయ్. నేను ఇంటికి చేరేలోపు, తను వాడుతున్న సీసాను వాడు చెత్తబండిలో వేసేశాడు. ఓపెన్ చెయ్యని రెండోది మాత్రం మిగిలింది. తప్పు సీసాదా, కలిపిన నీళ్లదా, వేసుకున్న చేతిదా అన్నది ఇక తేల్చలేం. తేల్చగలిగిన ఒక్క వస్తువూ డంపింగ్ యార్డుకు పోయింది.

వారం తర్వాత వెళ్లి ఆ కోచ్‌ను కలిశాను. గొడవ పెట్టుకోవడానికే వెళ్లాను, నిజం. ఎదురుగా వచ్చింది మా వాడికన్నా రెండేళ్లు పెద్ద కుర్రాడు. జీతం 14 వేలు. ఒక్కో సీసా 4,500కు అమ్మితే 800 వాడికి మిగులుతుంది. మోకాలికి తనూ అదే వేసుకుంటున్నాడు. మోసం చేద్దామన్న ఉద్దేశం వాడిలో నాకు కనపడలేదు. తను అమ్ముతున్నది మంచిదనే నమ్ముతున్నాడు. ఫోన్ తీసి పీడీఎఫ్ చూపించాడు. "ల్యాబ్ రిపోర్ట్ ఉంది మేడమ్. 99.3 శాతం ప్యూరిటీ." మా మేనల్లుడి ప్రశ్నకు నేను ఇవ్వాల్సిన జవాబు ఆ పీడీఎఫ్‌లోనే ఉందని నాకు అప్పుడు తట్టింది. మీలో చాలామంది ఫోన్లలో అలాంటి రిపోర్టే ఉంటుంది. దాన్ని ఎలా చదవాలో నాకు తెలిసినంతలో చెప్తాను.

ఆ 99 శాతం అనే అంకె హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం నుంచి వస్తుంది. శాంపిల్‌ను ద్రవంలో కరిగించి సన్నటి గొట్టం గుండా పంపిస్తే, దాంట్లోని పదార్థాలు విడివిడిగా బయటికి వస్తాయి. వాటిమీద ఒక రకం కాంతి వేసి ఏది ఎంత ఉందో గీతలుగా గీస్తుంది. ఆ కాంతికి కనపడిన పదార్థాల్లో 99 శాతం ఒకటే అని దాని అర్థం. ఆ కాంతికి కనపడనివి ఆ లెక్కలోకి రావు. పొడిలోని తేమ రాదు, తయారీలో మిగిలిన ఉప్పులు రావు. అందుకే 5 ఎంజీ అని రాసిన పొడిలో అసలు పెప్టైడ్ అంతకన్నా తక్కువ ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా బ్యాక్టీరియా రాదు. సీసా నిండా క్రిములున్నా ఆ యంత్రం 99.3 అనే చూపిస్తుంది. అది అబద్ధం చెప్పినట్టు కాదు, దాన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఇంకో మాట. రిపోర్టులో ఒక బ్యాచ్ నంబర్ ఉంది. సీసామీద బ్యాచ్ నంబర్ లేదు. మరి ఆ రిపోర్టు ఏ సీసాది? ఆ కుర్రాణ్ని ఇదే అడిగాను. ఫోన్ వంకా సీసా వంకా రెండుమూడుసార్లు చూశాడు, ఏమీ అనలేదు.

ఒంట్లోకి ఎక్కించే మందును మేం ఎలా చూస్తామో కూడా చెప్పాలి. నోట్లో వేసుకునేదానికి, సూదితో ఎక్కించేదానికి చాలా తేడా. తిన్నదాంట్లో కాస్త మురికి ఉన్నా పొట్టలో ఆసిడ్ ఉంది, పేగుల గోడలున్నాయి. సూది ఆ కాపలా అంతా దాటేసి లోపలికి పోతుంది. అందుకే మందును బ్యాక్టీరియా దూరలేనంత చిన్న, 0.22 మైక్రాన్ రంధ్రాలున్న ఫిల్టర్ గుండా పంపిస్తాం. నింపాక కొన్ని సీసాలు తీసి రెండు రకాల పోషక ద్రవాల్లో 14 రోజులు ఉంచుతాం. ఒక్క గొట్టంలో ద్రవం మబ్బుపట్టినట్టు అయినా, అంటే క్రిములు పెరిగినట్టు కనపడినా, ఆ బ్యాచ్ కదలదు, విచారణ మొదలవుతుంది. నింపే గదిలో పనిచేసేవాళ్లు తల నుంచి కాలిదాకా కప్పుకుని ఉంటారు. అయినా బయటికి వచ్చేముందు గ్లౌజు వేసుకున్న ఐదు వేళ్లూ అగార్ ప్లేటు (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ పోసిన పళ్లెం) మీద నొక్కి రావాలి. ఆ ప్లేటు మీద ఒక్క చుక్క మొలిచినా ఎందుకు మొలిచిందో రాసి ఇవ్వాలి.

క్రిములు చచ్చిపోతే సరిపోదు. కొన్ని రకాల బ్యాక్టీరియా చచ్చాక కూడా వాటి పైపొర ముక్కలు మందులో ఉండిపోతాయి. వాటిని ఎండోటాక్సిన్ అంటాం. మామూలుగా మరిగిస్తే పోవు. ఖాళీ గాజు సీసాలను 250 డిగ్రీలు దాటిన వేడిలో పంపిస్తేనే పోతాయి. రక్తంలో కలిస్తే చలి, వణుకు, జ్వరం, మరీ ఎక్కువైతే బీపీ పడిపోవడం. దాన్ని కనిపెట్టడానికి గుర్రపునాడా ఆకారంలో ఉండే ఒక సముద్రజీవి నీలిరంగు రక్తం నుంచి తీసిన పదార్థం వాడతాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పరీక్ష చూసి నేను అబ్బురపడ్డాను, ఇప్పటికీ పడతాను. మీ పీడీఎఫ్‌లో స్టెరిలిటీ, అంటే బతికున్న క్రిములు లేవని చూసే పరీక్ష, అనే లైను ఉందా? ఎండోటాక్సిన్ అనే లైను ఉందా? ఆ కుర్రాడి రిపోర్టులో రెండూ లేవు.

ఇక కలపడం సంగతి. పొడిలో పోసే బ్యాక్టీరియోస్టాటిక్ నీళ్లలో 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది. అది బ్యాక్టీరియా పెరగకుండా ఆపుతుంది. అప్పటికే ఉన్న మురికిని శుభ్రం చెయ్యదు. అలాంటి సీసా కూడా ఒకసారి సూది గుచ్చాక 28 రోజులకు మించి వాడకూడదన్నది ఆస్పత్రుల్లో మామూలుగా పాటించే పద్ధతి. మా వాడు ఆ నీళ్లు ఆరువారాల నుంచి వాడుతున్నాడు. సిరంజీల దగ్గర మన దేశంలో ఇంకో ప్రమాదం ఉంది. మెడికల్ షాపుల్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజీలు దొరుకుతాయి. ఎర్ర మూతది ఒక మిల్లీలీటర్‌కు 40 యూనిట్లు, నారింజ మూతది ఒక మిల్లీలీటర్‌కు 100 యూనిట్లు. ఇంటర్నెట్‌లో విదేశీయులు "పది యూనిట్లు లాగండి" అని చెప్పేది నారింజ మూతదాని లెక్క. మనవాడు ఎర్ర మూతదాంతో పది గీతలు లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ మందు లోపలికి పోతుంది. షుగర్ పేషెంట్లకు ఈ తేడా నర్సులు పదేపదే చెప్తారు. మీ జిమ్‌లో ఎవరు చెప్తున్నారు?

పెప్టైడ్ అంటేనే విషం అని నేను అనను. అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన చిన్న దండ పెప్టైడ్. ఇన్సులిన్ అలాంటిదే, 51 పూసలు. ఇప్పుడు బరువు తగ్గడానికి డాక్టర్లు రాస్తున్న సెమాగ్లూటైడ్ కూడా అంతే. ఇన్సులిన్ కథలో ఒక ముక్క మీరు తెలుసుకోవాలి. 1922 జనవరి 11న టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లాడికి మొదటిసారి ఇచ్చారు. అప్పటికి మందు సరిగా శుద్ధి కాలేదు. షుగర్ కొద్దిగానే తగ్గింది, సూది గుచ్చినచోట గడ్డ కట్టింది. వాళ్లు ఆపేశారు. కాలిప్ అనే శాస్త్రవేత్త రాత్రింబగళ్లు కూర్చుని శుద్ధి చేశాక, జనవరి 23న మళ్లీ ఇస్తే పిల్లాడు కోలుకున్నాడు. అదే పదార్థం, అదే పిల్లాడు. తేడా అంతా శుద్ధిలోనే ఉంది. మా వాడి పొట్టమీద గడ్డ చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పిల్లాడే.

బీపీసీ-157 ఆ దారిలో ఇంకా మొదటి మెట్టు కూడా సరిగ్గా ఎక్కలేదు. 15 అమైనో ఆమ్లాల దండ అది. క్రొయేషియాలోని జాగ్రెబ్ పరిశోధకులు ఏళ్ల తరబడి ఎలుకల మీద పనిచేసి, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు తెగితే తొందరగా అతుక్కున్నాయని రాశారు. ఎలుకల్లో ఫలితాలు బాగానే ఉన్నాయి, కాదనను. మనుషుల మీద జరిగినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని, అవీ కొద్దిమందితో. కొత్త రక్తనాళాలు పుట్టించే గుణం దానికి ఉందంటారు. గాయం మానడానికి అది మంచిదే. కానీ ఒంట్లో ఎక్కడో బయటపడని కణితి ఉంటే దానికీ ఆ రక్తనాళాలే కావాలి. ఆ భయం నిజమో కాదో చెప్పేంత పెద్ద పరిశోధన ఇప్పటిదాకా లేదు. మన దేశంలో దానికి మందుగా అనుమతి లేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో దాన్ని భద్రతపరంగా అనుమానాలున్న పదార్థాల జాబితాలో పెట్టింది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా 2022 నుంచి పేరుపెట్టి మరీ నిషేధించింది.

ఈ చివరి ముక్క, జిల్లా పోటీలకు పిల్లల్ని తయారుచేసే కోచ్‌ల కోసం. 2023లో భారత ఆటగాళ్ల నుంచి తీసిన 5,606 శాంపిళ్లలో 213 డోపింగ్ పరీక్షలో పాజిటివ్ వచ్చాయి. ఎక్కువ పరీక్షలు చేసే దేశాల్లో అది చాలా ఎక్కువ శాతం. డోపింగ్ చట్టంలో "నాకు తెలియదు సార్, కోచ్ ఇచ్చాడు" అంటే వదిలిపెట్టరు. పిల్లకూ నిషేధమే, ఇచ్చిన కోచ్‌కూ నిషేధమే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ దారిలో నడవాలని ఆశపడి మీ దగ్గరికి వచ్చే ఆడపిల్లల ఏళ్ల కష్టమంతా ఒక్క సీసాతో పోతుంది.

గ్రోత్ హార్మోన్‌ను పెంచుతాయని అమ్మే సీజేసీ, ఇపామోరెలిన్, నోటితో వేసుకునే ఎంకే-677 గురించి ఎక్కువ రాయను. మనవాళ్లకు అసలే షుగర్ ముప్పు ఎక్కువ. ఎంకే-677 రక్తంలో షుగర్‌ను పెంచుతుందని, ఇన్సులిన్ పనిచేసే తీరును మందగింపజేస్తుందని తెలిసిందే. తుంటి విరిగిన వృద్ధుల మీద దాన్ని పరీక్షిస్తుంటే గుండె వైఫల్యం లక్షణాలు కనపడి, ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఇక మెఫెంటెర్మిన్. ఆపరేషన్ బల్లమీద బీపీ పడిపోయినప్పుడు మత్తు డాక్టరు వాడే మందు అది. దాన్ని వర్కౌట్ ముందు ఊపు కోసం కుర్రాళ్లకు అమ్ముతుంటే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అధికారులు హైదరాబాద్‌లో పలుసార్లు పట్టుకున్నారు. గుండెకు అది ఏం చేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ జిమ్‌లో ఎవరి సంచిలోనైనా కనిపిస్తే ఆ రోజే ఆపించండి.

డబ్బాల్లో అమ్మే సప్లిమెంట్లన్నీ ఒకే గాటన కట్టడం కూడా నాకు ఇష్టం లేదు. మా వాడు కండరాల శక్తికి వాడే క్రియేటిన్ పొడి వేసుకుంటాడు, నేను ఏమీ అనలేదు. కండరంలో ఫాస్ఫోక్రియేటిన్ ఉందని 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కనుక్కున్నది మన యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది మా భీమవరంలోనే, 1895లో. మా వాడు ఇరవై ఏళ్లు ఆ ఊళ్లో పెరిగాడు, రోజూ ఆ డబ్బా మూత తీస్తాడు, ఆ పేరు మాత్రం నేను చెప్పేదాకా తెలియదు. మీ జిమ్‌లలో గోడలమీద విదేశీ బాడీబిల్డర్ల ఫొటోల పక్కన ఆయన ఫొటో ఒకటి పెట్టాలని నా కోరిక. క్రియేటిన్ మీద దశాబ్దాల పరిశోధన ఉంది, మనుషుల మీద. రోజుకు 3 నుంచి 5 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదనే తేలింది. ఒక్కటి మాత్రం మీ దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్పండి. అది వాడుతున్నవాళ్లకు రక్తపరీక్షలో, కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ కాస్త ఎక్కువ కనపడొచ్చు. డాక్టర్‌కు ముందే చెప్పకపోతే కిడ్నీ దెబ్బతిందేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ముట్టుకోకూడదు.

ప్రోటీన్ పొడుల సంగతి వేరు. 2024లో కేరళ డాక్టర్ సిరియాక్ అబీ ఫిలిప్స్ బృందం మన మార్కెట్‌లో దొరికే 36 ప్రోటీన్ డబ్బాలను కొని పరీక్ష చేయించింది. దాదాపు 70 శాతం డబ్బాల్లో లేబుల్ మీద రాసిన ప్రోటీన్ లెక్క తప్పు. కొన్నిట్లో ఫంగస్ విషాలు, పురుగుమందుల అవశేషాలు కూడా దొరికాయి. అదే ఏడాది మే నెలలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార సూచనల్లో కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని స్పష్టంగా రాసింది. పొద్దున ఆఫీసుకు పరుగెత్తే పిల్లలకు మంచి కంపెనీ పొడి ఒక చెంచా వేసుకుంటే కొంపలు మునగవు, నా ఉద్దేశం అది. కానీ గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల వండని కందిపప్పులో 22 గ్రాములు ప్రోటీన్ ఉంటుందని మీరు చెప్తే వాళ్లు వింటారు, నేను చెప్తే వినరు. మా వదిన, అంటే మా వాడి అమ్మ, పదేళ్ల నుంచి "పప్పు ఇంకాస్త వేసుకోరా" అంటోంది. కోచ్ ఒక్కసారి చెప్పాడు, వెంటనే మా వాడు గిన్నెడు పప్పు తినడం మొదలుపెట్టాడు. మీ మాటకు ఉన్న బలం అది. డబ్బా అమ్మేముందు కనీసం 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, బ్యాచ్, గడువు తేదీ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి.

ఈమధ్య మా జిమ్‌కు యాభై దాటిన పెద్దమనుషులు కూడా ఎక్కువే వస్తున్నారు. "వయసు తగ్గించే పెప్టైడ్ ఏదైనా ఉందా బాబూ?" అని కోచ్‌ను అడగడం నా చెవులతో విన్నాను. ఆయుష్షు పెంచుతాయని పేరుపడ్డ మందుల్లో రాపమైసిన్ ఒకటి. ముసలి ఎలుకలకు ఇస్తే ఎక్కువకాలం బతికాయని 2009లో తేలింది. మనుషుల ఆయుష్షు పెరిగిందని ఎవరూ చూపించలేదు. అది అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు రోగనిరోధక శక్తిని తగ్గించడానికి ఇచ్చే మందు. ఆ పెద్దాయనకు మీరు చూపించగలిగింది ఇంకోటి ఉంది. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్యూర్ అధ్యయనంలో 17 దేశాల్లో, మన దేశంతో కలిపి, దాదాపు 1,40,000 మంది చేతిపట్టు బలాన్ని కొలిచి నాలుగేళ్లు గమనించారు. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ చనిపోయే ప్రమాదం 16 శాతం పెరుగుతూ కనపడింది. పట్టు పెంచితే ఆయుష్షు పెరుగుతుందని దానివల్ల రుజువైపోలేదు. కానీ బలం తగ్గడం మంచి సూచన కాదని తెలుస్తోంది కదా. బలం పెంచే విద్య మీ చేతుల్లో ఉంది. ఒకప్పుడు ఉత్తరాంధ్ర తాలింఖానాల్లో, అంటే ఆనాటి కసరత్తు శాలల్లో, వస్తాదులు చెప్పిన విద్యే ఇది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు అలాంటి కసరత్తుతోనే ఎదిగాడు. ఆ పెద్దాయన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచేలా చెయ్యండి, రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కేలా చెయ్యండి. దానికి ఏ సీసా అక్కర్లేదు.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడిగేది. దయచేసి మీ చేత్తో ఎవరికీ సూది వెయ్యకండి. సీసాలు అమ్మకండి, లాకర్లో దాచిపెట్టుకోనివ్వకండి. లైసెన్స్ లేకుండా మందు అమ్మితే 1940 నాటి మందుల చట్టం కింద జైలు దాకా పోతుంది, మీ కుటుంబాలు ఏమవుతాయో ఆలోచించండి. యజమానులకు ఒక మాట: కోచ్‌కు 14 వేలు ఇచ్చి, మిగతాది సీసాలమీద సంపాదించుకోమని వదిలేస్తే ఆ తప్పులో సగం మీదే. మీ జిమ్‌లో సీసా కమీషన్ వద్దనుకుంటే కోచ్ జీతం లెక్క మార్చాల్సింది మీరే. ఆ నాలుగైదు వేలు ఫీజులో కలిపి తీసుకున్నా మాలాంటివాళ్లం కట్టడానికి సిద్ధమే. నేను మా జిమ్‌లో ఈ మాట అన్నాను, ఇంకో ఐదుగురు సరే అన్నారు.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు బయట కొనుక్కుని వేసుకుంటారు. వాళ్లకు జ్వరమో, వాపో, ఆయాసమో వస్తే మొట్టమొదట మీకే ఫోన్ చేస్తారు, అమ్మానాన్నలకు కాదు. ఆ ఫోన్ వచ్చినప్పుడు "పారేయ్" అనకండి. సీసా, సిరంజి, కలిపిన నీళ్లు అన్నీ ఒక కవర్లో వేసి ఆస్పత్రికి పట్టుకెళ్లమనండి. ఏం వేసుకున్నాడో డాక్టర్‌కు దాచకుండా చెప్పమనండి. మందులవల్ల వచ్చే హాని నమోదు చెయ్యడానికి 1800-180-3024 అనే ఉచిత నంబర్ ఉంది, మామూలు మనుషులు కూడా ఫోన్ చెయ్యొచ్చు. దాన్ని రిసెప్షన్ దగ్గర, ఫీజుల పట్టిక పక్కన రాసి పెట్టండి. ఇప్పటిదాకా ఎంతమందికి ఇలా అయిందో లెక్క లేకపోవడానికి కారణం, అందరూ చాట్ డిలీట్ చేసుకుని ఊరుకోవడమే.

డ్రగ్స్ కంట్రోల్ అధికారులు ఇది చదివితే వాళ్లకూ ఒక విన్నపం. దాడులు చేసి కుర్రాళ్లను పట్టుకోవడంతో పాటు, పట్టుకున్న సీసాల్లో ఏం తేలిందో కూడా జనానికి చెప్పండి. స్టెరిలిటీ ఫలితం, ఎండోటాక్సిన్ ఫలితం. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఈ పరీక్షలు చెయ్యడం వచ్చినవాళ్లు వేలమంది ఉన్నారు. ఆ ఫలితాలు గోడమీద అంటిస్తే నేను ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు.

మా వాడి గాయం మానడానికి ఐదువారాలు పట్టింది. భుజానికి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపాను. రబ్బరు బ్యాండ్‌తో మూడు కదలికలు, బెంచ్ ప్రెస్‌లో మోచేతుల కోణం మార్చడం. రెండునెలలకు చెయ్యి నొప్పి లేకుండా పైకి లేస్తోంది. బ్యాండ్ ఖరీదు 350 రూపాయలు.

కిందటి నెల ఆ కోచే నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, ఆ రోజు చెప్పారు కదా, వేళ్లు ప్లేటు మీద నొక్కుతారని. అది మా జిమ్‌లో చేసి చూపిస్తారా?" అని అడిగాడు. వెళ్లాను. ఒక సరఫరాదారు దగ్గర నా సొంత డబ్బుతో పది ప్లేట్లు కొని పట్టుకెళ్లాను. పదిమంది కుర్రాళ్లు డంబెల్ కింద పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి ఐదు వేళ్లూ నొక్కారు. మూడోరోజు ఆ ప్లేట్ల ఫొటోలు వాళ్ల గ్రూపులో పెట్టాను. పదింటిమీదా వేలిముద్రల ఆకారంలోనే తెల్లగా, పసుపుగా బ్యాక్టీరియా మొలిచింది. ఆ చేతులతోనే సూది గుచ్చుకునేది. నాకు ఆదివారాలు ఖాళీయే. మీ జిమ్‌కు రమ్మన్నా వస్తాను, ప్లేట్లు నేనే తెస్తాను.

ఇట్లు,
మీ జిమ్‌లలో చెమటోడ్చే ఒక మైక్రోబయాలజిస్ట్,
హైదరాబాద్